డ్రిల్లు మాస్టారి కొలతల పుస్తకాలు: ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి, ఎందుకు

శ్రీకాకుళం జిల్లాలోని మా చిన్న పట్టణపు ఉన్నత పాఠశాలలో మాస్టారు 1968లో లెక్కల ఉపాధ్యాయుడిగా చేరారు. వ్యాయామోపాధ్యాయుడి పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడంతో ఆటల పీరియడు కూడా తానే తీసుకొని, 2003లో పదవీ విరమణ చేసేదాకా రెండింటినీ నడిపారు. ఊరు మాత్రం ఆయనను డ్రిల్లు మాస్టారనే పిలిచింది. ఆయన పోయిన తరువాత పాత విద్యార్థులం కూడినప్పుడు వచ్చిన మొదటి ప్రతిపాదన పాఠశాల గేటు పక్కన విగ్రహం, రెండవది ఆయన పేరిట వాలీబాల్ టోర్నమెంటు. ఆ చర్చనూ చందాల పట్టికనూ ఇక్కడ వదిలేస్తున్నాను. ఆయన ఇంటి అటక మీద నుంచి దించిన రెండు ట్రంకు పెట్టెలను చూసిన తరువాత విగ్రహం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఊళ్లో ఉన్న విగ్రహాలకు దండ వేసేవాళ్లే కరువైన కాలంలో ఇంకొకటి నిలబెట్టడంకన్నా, ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన తన చేత్తో రాసినదాన్ని చెదల నుంచి కాపాడడం నయమని నా అభిప్రాయం.

పెట్టెల్లో దొరికినవి:

1. లాంగ్ నోటుపుస్తకాలు 41. వీటిలో 1971 నుంచి 2003 వరకు విద్యార్థుల పరుగులు, దూకుళ్లు, గుండు విసురు, వాలీబాల్ స్కోర్లు ఉన్నాయి. రాసిన పేజీలు 3,812.
2. వార్తాపత్రికల కత్తిరింపులు అతికించిన పుస్తకాలు 14. మొత్తం 1,026 పేజీలు.
3. ఆడియో క్యాసెట్లు 23. వీటిలో అరవై నిమిషాలవి 17, తొంభై నిమిషాలవి 6.
4. కీ ఇచ్చే స్టాప్‌వాచీ ఒకటి, డిజిటల్ స్టాప్‌వాచీ ఒకటి, 30 మీటర్ల గుడ్డ టేపు ఒకటి.

మొదటి దశ: పురుగు, చెమ్మ, తుప్పు

పుస్తకాలను ఎండలో ఆరబెడదామని చాలామంది సలహా ఇచ్చారు. ఒక పాత ఖాళీ నోటుపుస్తకంతో పరీక్షించి చూస్తే ఒక్క మధ్యాహ్నానికే అట్ట విల్లులా వంగి, కాగితం అంచులు పెళుసుబారాయి. అందుచేత ఎండ మాట మానుకొని, నీడలో ఫ్యానుకు దూరంగా, పుస్తకాలను విసనకర్రలా విప్పి నిలబెట్టి చెమ్మ తీశాము. కలరా ఉండలు పురుగును దూరంగా ఉంచుతాయేమో గానీ, కాగితం లోపల ఉన్న గుడ్లను చంపవు. దానికి పనికొచ్చింది ఐస్‌క్రీం దుకాణం డీప్ ఫ్రీజరు.

1. పుస్తకం పూర్తిగా ఆరిన తరువాతే మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి, టేపుతో మూయాలి.
2. సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి.
3. బయటకు తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా అలాగే వదిలేయాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది.
4. తరువాత మెత్తని బ్రష్షుతో పేజీ మధ్య నుంచి అంచు వైపుకు దులపాలి.

తుప్పు పట్టిన గుండుసూదులను లాగితే కాగితం చిరుగుతుంది. సూది కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, ముందు దాన్ని కాగితం నుంచి విడదీసి, ఆ తరువాత నెమ్మదిగా జరపాలి. చేతి తొడుగులు కొన్నాము గానీ వాడలేదు. తొడుగుతో కాగితం మందం వేలికి తెలియదు, పెళుసు అంచులు దారాలకు తగులుకుంటాయి. కడిగి తుడుచుకున్న పొడి చేతులే మేలు.

ఇప్పటిదాకా ఖర్చు: 1,150 రూపాయలు. సిద్ధమైనవి: నోటుపుస్తకాలు 41, కత్తిరింపుల పుస్తకాలు 9. మిగిలిన ఐదింటిలో పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

రెండవ దశ: స్కానింగు, ఎర్ర సిరా

నోటుపుస్తకాల కోసం ఏ-4 ఫ్లాట్‌బెడ్ స్కానరు ఒకటి అరువు తెచ్చుకొని, అంగుళానికి 300 చుక్కల చొప్పున, నలుపు తెలుపు ఛాయల్లో మొదలుపెట్టాము. ఈ పద్ధతిలో ఒక పేజీ కుదించకుండా సుమారు 9 ఎంబీ అవుతుంది, రంగుల్లో అయితే 26 ఎంబీ. అంకెలు చదవడానికి రంగు అవసరం లేదన్నది మా లెక్క. పదకొండు పుస్తకాలు ఇలా పూర్తయ్యాక, ఒక వైపు కంప్యూటరు తెరనూ మరో వైపు అసలు పుస్తకాన్నీ పెట్టుకొని సరిచూస్తున్న మా తరగతి అమ్మాయి, కొన్ని అంకెలు ఎర్ర సిరాతో ఉన్నాయని, తెర మీద అవి నీలి సిరాతో కలిసిపోయాయని పట్టుకుంది. ఎర్ర సిరా వెలిసి, నీలి సిరా కూడా వెలిసి, ఛాయల్లో రెండూ ఒకే బూడిద రంగుకు చేరాయి.

పదకొండు పుస్తకాలనూ రంగుల్లో మళ్లీ స్కాన్ చేశాము. చేతిరాత ఉన్న దేన్నయినా మొదటి నుంచే రంగుల్లో తీయండి. హార్డ్ డిస్కులో చోటు ఎంత ఆదా అయినా ఈ రెట్టింపు పనికి సరిపోదు. 600 చుక్కల్లో కూడా ప్రయత్నించి చూశాము. పేజీ 104 ఎంబీకి చేరింది తప్ప చదవడంలో ఏ తేడా రాలేదు కాబట్టి 300 దగ్గరే ఆగాము.

ఇప్పటిదాకా: పేజీలు 3,812, సుమారు 99 జీబీ. ఖర్చు: ఒక్కొక్కటి 1 టీబీ హార్డ్ డిస్కులు రెండింటితో కలిపి 10,350 రూపాయలు.

మూడవ దశ: అంకెలను పట్టికలోకి ఎక్కించడం

చేతిరాతను చదివే ఉచిత సాఫ్ట్‌వేర్లను ప్రయత్నించాము. అచ్చు తెలుగును అవి ఓ మాదిరిగా గుర్తించాయి గానీ మాస్టారి గొలుసుకట్టు రాత ముందు చేతులెత్తేశాయి. చివరికి చేత్తోనే కొట్టాము. ఒక్కొక్క పుస్తకాన్ని ఇద్దరు విడివిడిగా ఎక్కించి, రెండు పట్టికలనూ కంప్యూటరు చేత పోల్పించి, తేడా వచ్చిన గడులను మాత్రమే మూడవ వ్యక్తి అసలు పేజీతో సరిచూసేలా ఏర్పాటు చేసుకున్నాము. తేడాల్లో ఎక్కువ భాగం 1కీ 7కీ మధ్యనే వచ్చాయి. 1980 తరువాత ఆయన 7కు నడుమ అడ్డగీత పెట్టడం మొదలుపెట్టారు, అక్కడి నుంచి తేడాలు బాగా తగ్గాయి. ఒకే తరగతిలో ఒకే పేరుగలవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నచోట ఇంటిపేరుతో పాటు హాజరు సంఖ్యను కూడా ఒక నిలువు వరుసగా చేర్చాము.

మా మొదటి ఉద్దేశం ప్రతి అంశంలోనూ పాఠశాల రికార్డును వెలికితీసి, గ్రానైటు పలక మీద చెక్కించడం. అందుకు ఎర్ర అంకెలన్నీ మొదటి స్థానాలే అయి ఉంటాయనుకొని వడపోశాము. లెక్క కుదరలేదు. 1979 నాటి తొమ్మిదవ తరగతి వంద మీటర్ల పట్టికలో 12.6 సెకన్లు పరుగెత్తినవాడు నీలి సిరాలో ఉన్నాడు, అందరికన్నా వెనుక 15.8 సెకన్లకు చేరినవాడు ఎర్ర సిరాలో ఉన్నాడు. అదే కుర్రవాడి అంతకుముందు టర్మ్ అంకెను వెతికితే 16.4 అని దొరికింది. మొదటివాడిది అప్పుడూ 12.6. మరో నాలుగు పుస్తకాల్లో ప్రతి ఎర్ర అంకెనూ ఇలాగే వెనక్కి తిప్పి చూసి నిర్ధారించుకున్నాము: తన క్రితం కొలతను తానే దాటినవాడికి ఎర్ర సిరా. ఎవరు గెలిచారన్నది ఆయన విడిగా ఎక్కడా రాయలేదు.

ఆయన జేబులో ఎప్పుడూ రెండు కలాలు ఉండేవని మాకందరికీ గుర్తే. లెక్కల పీరియడులో ఎర్ర సిరా అంటే తప్పు కాబట్టి, మైదానంలో ఆయన ఆ కలం తీసినప్పుడల్లా మాలో చాలామందిమి తిట్టు తప్పదనుకొని దూరంగా జరిగేవాళ్లం.

దీనితో పట్టిక రూపమే మార్చవలసి వచ్చింది. వేగాన్ని బట్టి పై నుంచి కిందికి పేర్చిన పట్టికలో ఆయన రాసినదేదీ మిగలదు. వరుసలను విద్యార్థి వారీగా, కాలక్రమంలో పేర్చి, ‘క్రితం కొలత’, ‘తేడా’, ‘సిరా రంగు’ అనే మూడు నిలువు వరుసలు చేర్చాము. గ్రానైటు పలకకు ఇచ్చిన ఆర్డరును రద్దు చేసుకున్నాము.

కొలతల విషయంలో ఇంకా తేల్చవలసినవి ఇవి.

వాచీ: 1986 వరకు సెకన్లలోని దశాంశాలన్నీ 0, 2, 4, 6, 8 మాత్రమే, బేసి అంకె ఒక్కటి కూడా లేదు. కారణం కీ వాచీ ముఖం మీదనే ఉంది: ఒక్కొక్క గీత సెకనులో ఐదవ వంతు. కాబట్టి ఆ కాలంలో 0.2 సెకన్లకన్నా తక్కువ తేడా ఆ వాచీకి కనిపించేది కాదు. వాచీని ఫోను గడియారంతో పోలిస్తే పది నిమిషాలకు 1.8 సెకన్లు వెనుకబడింది. పదమూడు సెకన్ల పరుగులో అది 0.04 సెకను మాత్రమే, అంటే గీతలో ఐదవ వంతు. దిద్దుబాటు అక్కర్లేదని వదిలేశాము. 1987 నుంచి డిజిటల్ వాచీ వచ్చి రెండు దశాంశాలు మొదలయ్యాయి. కానీ చేత్తో నొక్కే వాచీలో వందో వంతుకు విలువ లేదు. అథ్లెటిక్స్ నియమాల్లోనూ చేతి వాచీ సమయాన్ని పై పదో వంతుకు పెంచి రాస్తారు, 12.61 అయితే 12.7 అని. మా మిత్రుడొకరు 0.24 సెకను కలిపి ఎలక్ట్రానిక్ సమయాలుగా మార్చి రాష్ట్ర స్థాయి అంకెలతో పోల్చుదామన్నారు. ఆ సవరణ ఉన్నమాట నిజమే గానీ, ఈ పుస్తకాల్లోని పోలిక పక్కవాడితోనే లేనప్పుడు రాష్ట్రంతో ఎందుకని వద్దనుకున్నాము.

టేపు: గుడ్డ టేపు సాగుతుంది. స్ప్రింగు కాటా తగిలించి రెండు కిలోల బరువుకు లాగి, ఉక్కు టేపు పక్కన పరిస్తే, ఇప్పుడు దాని 30 మీటర్ల గుర్తు 30.21 దగ్గర ఉంది. ఎప్పుడు ఎంత సాగిందో తెలియకపోతే పాత దూకుళ్లను సరిచేయలేము. ఆ సమాధానం నోటుపుస్తకాల వెనుక అట్టల మీద దొరికింది. పాఠశాల వరండా గచ్చు మీద ఆయన 10 మీటర్లకు రెండు గీతలు చెక్కించి, ఏటా జూన్‌లో టేపును వాటితో పోల్చి, సాగుదలను రాసిపెట్టారు: 1978లో 1 సెంటీమీటరు, 1985లో 4, 1991లో 6. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఉక్కు టేపుతో వాటి మధ్య దూరం 10 మీటర్లకు 3 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువగా వచ్చింది. సాగిన టేపు అసలు దూరాన్ని తక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి, 1991 నాటి 4.97 మీటర్ల లాంగ్‌జంప్‌ను 1.006తో గుణిస్తే 5 మీటర్లు అవుతుంది. ఐదు మీటర్లు తాకలేకపోయానని ఇన్నేళ్లూ చెప్పుకున్న ఆ దూకుడు యజమానికి ఫోను చేసి చెబితే, ముందు టేపు చూపించమన్నారు. అసలు అంకెను ఎక్కడా చెరపలేదు, సరిచేసినదాన్ని పక్క గడిలో పెట్టాము. 1974కు ముందు అడుగులూ అంగుళాల్లో ఉన్నవాటికీ ఇదే పద్ధతి: 17 అడుగుల 4 అంగుళాలు అలాగే ఉంటుంది, పక్కన 5.28 మీటర్లు అని ఉంటుంది.

వాలీబాల్: పాత స్కోర్లను ఇప్పటి లెక్కతో చదవకూడదు. అప్పుడు సెట్టుకు 15 పాయింట్లు, సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. ప్రతి ర్యాలీకీ పాయింటు ఇచ్చే 25 పాయింట్ల పద్ధతిని అంతర్జాతీయ సమాఖ్య తెచ్చింది 1998 తరువాతనే. అందుకే ప్రతి మ్యాచ్‌కూ ‘పద్ధతి’ అనే గడి పెట్టాము.

కొన్ని వరుసల్లో అంకెకు బదులు ‘ఖా’ అన్న అక్షరం ఉంది. ఖాళీ అనుకొని, గైర్హాజరుగా ఎక్కించాము. అమ్మగారికి (మాస్టారి భార్యకు) చూపిస్తే అది ఖాళీ కడుపు అన్నారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లలను ఆయన పరుగెత్తించేవారు కాదు, మైదానం పక్కనే ఉన్న ఇంటికి చద్దన్నానికి పంపేవారు. పట్టికలో గైర్హాజరు తీసివేసి ‘కొలవలేదు’ అని మార్చాము.

ఇప్పటిదాకా: పట్టికలో చేరిన పుస్తకాలు 41కి 38. మిగిలిన మూడింటిలో నీళ్లు తగిలి సిరా పాకింది. ఖర్చులో మార్పు లేదు.

నాల్గవ దశ: కత్తిరింపుల పుస్తకాలు

ఇవి ఆటల అభిమానిగా ఆయన పుస్తకాలు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో పాకిస్థాన్‌ను 2–1తో ఓడించి గెలిచిన హాకీ ప్రపంచ కప్పు, 1983 జూన్ 25 నాటి లార్డ్స్ ఫైనలు, 1984 లాస్ ఏంజెలెస్‌లో పి.టి. ఉష, 1986 సియోల్ ఆసియా క్రీడల్లో ఉష నాలుగు స్వర్ణాలు, అవే క్రీడల్లో మన పురుషుల వాలీబాల్ జట్టు కాంస్యం, ఇలా సాగుతాయి. ప్రతి కత్తిరింపు పక్కనా పెన్సిలు లెక్కలు. లార్డ్స్‌లో మనవాళ్ల 183 పరుగులను 54.4 ఓవర్లతో, వెస్టిండీస్ 140ని 52 ఓవర్లతో భాగించి 3.35, 2.69 అని రాశారు, 54.4ను 54.4గానే భాగించకుండా నాలుగు బంతులను ఓవరులో మూడింట రెండు వంతులుగా మార్చుకున్నారు, లెక్కల మాస్టారు కదా. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో 55.42 సెకన్లకు చేరి, 55.41తో కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయి వెనుక నాలుగవ స్థానంలో నిలిచిన వార్త పక్కన, ఆ తేడా మన వాచీ గీతలో ఇరవయ్యో వంతు అని లెక్క కట్టారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మా జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయిన వార్తలకు ఒక పుస్తకం పూర్తిగా కేటాయించారు. ఊళ్లోకి వచ్చే పత్రికలన్నీ కొన్నట్లున్నారు.

భౌతికంగా చూస్తే ఇవే అధ్వాన్నం. పాతవి అన్నం మెతుకులతో, తరువాతివి మైదా జిగురుతో అతికించారు. పురుగు తిన్నది కాగితాన్ని కాదు, జిగురును. అందుకే చిల్లులన్నీ మూలల్లోనే ఉన్నాయి. సెల్లో టేపు వేసినచోట గోధుమరంగు మరక దిగింది. ఆ టేపును పీకితే అక్షరాలు దానితో పాటే వచ్చేస్తాయి కాబట్టి ముట్టుకోలేదు. ఉబ్బిన పుస్తకాలను స్కానరు మీద బోర్లిస్తే వెన్ను విరుగుతుంది కనుక వీటికి ఫోను కెమెరా వాడాము.

1. ఫోనును స్టాండుకు బిగించి పేజీకి సరిగ్గా పైన ఉంచాలి. పేజీ నాలుగు మూలలూ తెర అంచులకు సమానంగా కనిపించాలి.
2. రెండు ఎల్‌ఈడీ బల్బులను చెరో పక్క 45 డిగ్రీల వాలులో పెట్టాలి. పై నుంచి వెలుతురు వేస్తే అద్దం మెరుస్తుంది.
3. పేజీ మీద 5 మిల్లీమీటర్ల గాజు పలక ఉంచాలి. దాని అంచులు నూరించుకోవాలి.
4. రెండు సెకన్ల టైమరు పెట్టి, చేయి తగలకుండా తీయాలి.

మొదట తీసిన రెండు పుస్తకాల ఫొటోల్లో పెన్సిలు లెక్కలు మాయమయ్యాయి. ఫోను తనంతట తాను ఫొటోను ‘అందంగా’ మార్చే క్రమంలో పసుపుబారిన కాగితాన్ని తెల్లగా చేస్తూ లేత పెన్సిలును కూడా మరకగా తుడిచేసింది. కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ఆ సదుపాయాలన్నీ ఆపి మళ్లీ తీశాము. అంటుకుపోయిన ఐదు పుస్తకాల్లో మూడింటిని, పేజీల మధ్య పలుచని వెదురు చీలిక నడిపి, విడదీయగలిగాము. రెండింటిని వదిలేశాము.

ఇప్పటిదాకా: కత్తిరింపుల పుస్తకాలు 14కి 12, సుమారు 7 జీబీ. ఖర్చు: గాజు, బల్బులు, బటరు పేపరుతో 11,740 రూపాయలు.

ఐదవ దశ: క్యాసెట్లు

అన్నిటికన్నా ముందు క్యాసెట్ల పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులను విరిచేయండి. పొరపాటున రికార్డు బటను నొక్కినా అప్పుడు చెరిగిపోదు. అటక మీద దొరికిన టేపురికార్డరులో రబ్బరు బెల్టు కరిగి తారులా అయింది. కొత్త బెల్టు వేయించి, హెడ్డునూ రబ్బరు రోలరునూ ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ముందు పనికిరాని ఒక క్యాసెట్టుతో నడిపి చూశాము. చాలా క్యాసెట్లలో హెడ్డుకు టేపును నొక్కిపట్టే చిన్న స్పంజి ముక్క ఊడిపోయింది. అది లేకపోతే శబ్దం మూగగా వస్తుంది. దాన్ని పాత సినిమా పాటల క్యాసెట్ల నుంచి తీసి అమర్చాము. ప్రతి క్యాసెట్టునూ వాయించే ముందు ఒకసారి చివరిదాకా ముందుకూ వెనక్కూ చుట్టాలి, లేకుంటే ఏళ్లుగా కదలని చుట్టలు మధ్యలో బిగుసుకుంటాయి.

రికార్డు చేసిన తీరు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. గంటకు సుమారు 520 ఎంబీ. వేగం సరిగా ఉందో లేదో తేల్చడానికి ఆధారం క్యాసెట్లలోనే దొరికింది. ఆకాశవాణి నుంచి వ్యాఖ్యానం పట్టేటప్పుడు ఆయన వార్తలకు ముందు వచ్చే సమయ సంకేతాలను కూడా పట్టారు. పిప్‌కూ పిప్‌కూ మధ్య ఒక సెకను ఉండాలి, మా రికార్డరులో 0.97 వచ్చింది. అంటే యంత్రం మూడు శాతం వేగంగా తిరుగుతోంది. ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 3 శాతం తగ్గించగానే వ్యాఖ్యాత గొంతు మనిషి గొంతైంది.

నాలుగు క్యాసెట్లలో మాస్టారి గొంతు ఉంది, పాఠశాల క్రీడల రోజున మైకులో కొలతలు చదువుతున్నది. బుసబుసలు తీసేద్దామని శబ్ద నివారణను గట్టిగా పెడితే స, శ, చ అక్షరాలు అరిగిపోయి, ఆయన నీళ్లలో నుంచి మాట్లాడుతున్నట్లు వినిపించింది. ఆ ఫైళ్లను పక్కన పడేసి, ముడి రికార్డును యథాతథంగా ఉంచి, వినడానికి వేరే నకలులో కొద్దిగా మాత్రమే తగ్గించాము. ఆ కొలతల్లో కొన్నింటిని పట్టికతో పోలిస్తే సరిగ్గా సరిపోయాయి. నీళ్లు తగిలిన మూడు పుస్తకాల్లో ఒకదానికి చెందిన లాంగ్‌జంప్ అంకెలు కాగితం మీద పాకిపోయినా, క్యాసెట్టులో దొరికాయి.

ఇప్పటిదాకా: క్యాసెట్లు 23కి 21, ఇరవై నాలుగు గంటలు, 12.4 జీబీ. రెండింటిలో టేపు తెగి, బూజు పట్టింది. ఖర్చు: 13,790 రూపాయలు.

ఆరవ దశ: ఎవరికి ఏమి ఇవ్వాలి

పట్టికను అందరూ చూసేలా ఇంటర్నెట్టులో పెట్టాలని బయట ఊళ్లలోని మిత్రులు కోరారు. ఈ పుస్తకాల్లో పిల్లల ఎత్తులు, బరువులు, వయసులు, ‘ఖా’ గుర్తులు ఉన్నాయి. ఆ పిల్లల్లో చాలామంది ఇప్పుడు యాభై, అరవై ఏళ్లవాళ్లు. వాళ్లను అడగకుండా వాళ్ల ఆకలిని ప్రపంచానికి చూపించే హక్కు మాకు లేదు. కత్తిరింపుల మీదా రేడియో వ్యాఖ్యానాల మీదా హక్కులు ఆయా సంస్థలవి. అందుచేత ఇలా నిర్ణయించాము:

1. అడిగినవారికి వారి సొంత వరుసలు మాత్రమే, అసలు పేజీలో వారి భాగం ఫొటోతో పాటు ఇస్తాము.
2. ఎత్తు, బరువు, ‘ఖా’ గడులు తీసేసిన పట్టికను అచ్చు వేయించి, బైండు చేసి, ఒక ప్రతి పాఠశాల గ్రంథాలయానికి, ఒకటి మాస్టారి ఇంటికి ఇస్తాము.
3. అసలు పుస్తకాలు, వాచీలు, టేపు అమ్మగారి దగ్గరే ఉంటాయి.
4. హార్డ్ డిస్కులు రెండూ రెండు వేర్వేరు ఊళ్లలో ఉంటాయి. ఏడాదికొకసారి రెండింటినీ కలిపి ఫైళ్లను సరిపోల్చాలి.

అచ్చు, బైండింగుతో మొత్తం ఖర్చు 19,200 రూపాయలు. చందాల్లో మిగిలిన సొమ్ముతో వరండాలోని ఆ రెండు గీతలను కాపాడాలని ప్రధానోపాధ్యాయులను కోరాము. గచ్చు మీద టైల్సు వేసే ప్రతిపాదన ఉంది కాబట్టి, టైల్సు వేసినా ఆ రెండు చోట్ల ఇత్తడి గుర్తులు దింపించి, వేసే ముందూ వేసిన తరువాతా ఉక్కు టేపుతో మళ్లీ కొలవాలి. ఇత్తడి ముక్కలకు ధర కనుక్కుంటున్నాము.